మూడో నంబరు బాత్రూంలో నలుగురు

తనకు స్నేహితులంటూ ఎవరూ లేరన్న సంగతి మట్టం బాబాయికి యాభై దాటాక, కూతురు కాలు విరగ్గొట్టుకున్నప్పుడు తెలిసింది. అంతవరకూ ఆ లోటు ఆయనకు కనిపించనే లేదు. ఉంటే కదా, లేదని తెలిసేది.

ఆయన పనిచేసేది టైల్సు షోరూంలో. ఏళ్ళ తరబడి అదే షాపు, అదే కుర్చీ, అదే నీలం చొక్కా. చొక్కా జేబులో ఎప్పుడూ జానెడు రసమట్టం ఉండేది. గాజుగొట్టంలో బుడగ మధ్యన నిలిస్తే నేల సమంగా ఉన్నట్టు, పక్కకి జరిగితే వాలుందన్నట్టు. మేస్త్రీల చేతిలో ఉండాల్సిన ఆ వస్తువు ఈయన జేబులో ఉండడం వల్ల మట్టం బాబాయి అన్న పేరైతే వచ్చింది కానీ, చుట్టాల పిలుపులు మాత్రం తగ్గిపోయాయి. బావమరిది ముచ్చటపడి కొత్త ఇల్లు చూడ్డానికి రమ్మంటే, చెప్పులు విప్పీ విప్పకముందే హాల్లో గొంతుక్కూర్చుని, "ఇల్లు వంటింటి వైపు జారిపోతోంది, చూసుకున్నావా?" అన్నాడు. అప్పట్నుంచి ఎవరింటికి బయల్దేరినా భార్య ముందు ఆయన జేబు తడిమి చూసేది.

అలాంటి మనిషి కూతురు బస్సు మెట్ల మీంచి పడింది. టైల్సు మీద జారి పడలేదు కదా అని ఆయన కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. కాలికి సిమెంటు కట్టు వేశారు. సాయంత్రాలు భార్య కుట్టు నేర్పడానికి వెళ్ళేది కాబట్టి పిల్ల దగ్గర కూర్చునే పని ఈయన మీద పడింది. కూర్చున్నాడు. పిల్ల ఫోన్లో ఏదో జపాను బొమ్మల సీరియల్ చూస్తోంది. దాన్ని అనిమే అంటారని చెప్పింది. బళ్ళో నలుగురు ఆడపిల్లలు. గోడపత్రిక తేవడానికి పెట్టిన సంఘంలో సభ్యులు. ఆ ఊళ్ళో వార్తలేమీ లేవు. అందుకని పత్రిక రాదు. సంఘం గదిలో కూర్చుని టీ తాగుతుంటారు.

బాబాయి కాసేపు ఓపిక పట్టాడు.

"ఈ నలుగురిలో చచ్చిపోయేదెవరమ్మా?"

"ఎవరూ చచ్చిపోరు నాన్నా."

"పోనీ, పెళ్ళెవరికి?"

"పదో తరగతి పిల్లలు నాన్నా!"

"మరి విలనెవరు?"

"లేరు."

"లేకపోవడమేంటి? ఏం చేస్తారు మరి?"

"మాట్లాడుకుంటారు. టీ తాగుతారు."

"అన్ని భాగాలూ టీయేనా?"

"ఒకదాంట్లో రబ్బరు పోతుంది."

బాబాయి ముందుకి వంగి, గొంతు తగ్గించి, "ఆ టీ పోసే పిల్ల మీద ఓ కన్నేసి ఉంచు. మరీ మంచిగా ఉంది" అన్నాడు.

టీ పోసే పిల్ల ఎవరికీ విషం పెట్టలేదు. మర్నాడూ పెట్టలేదు. ఆమె చేతిలో ఎప్పుడూ స్కేలు ఉంటుందని, బల్ల మీద కప్పులన్నీ ఒక వరసలో ఉన్నాయో లేదో చూసుకుంటుందని బాబాయి మూడోనాడు గమనించాడు. గమనించి, కుర్చీ మరికాస్త దగ్గరికి జరుపుకున్నాడు. ఆమె కాక మిగిలినవాళ్ళు ముగ్గురు: నోరు తెరిస్తే కిటికీలదిరే అరుపుల పిల్ల, ఎప్పుడూ బల్ల మీద తల వాల్చుకునే నిద్రమొహం పిల్ల, ఎవరైనా పలకరిస్తే ఎర్రబడే కళ్ళజోడు పిల్ల. కూతురు పక్కనుంచి వాళ్ళ మాటలన్నీ తెలుగులో చెప్పేది.

రబ్బరు పోయిన భాగం వచ్చింది. కళ్ళజోడు పిల్ల రబ్బరు పోయింది. నలుగురూ బల్లల కిందా, సంచుల్లోనూ, బడి వెనకాలా వెతికారు. వెతుకుతూ నవ్వుకున్నారు, పోట్లాడుకున్నారు, పొద్దువాలేదాకా వెతికారు. చివర్లో తెలిసిందేమిటంటే, ఆ పిల్లకి రబ్బరు మొదట్లోనే తన జేబులో దొరికింది. చెప్పేస్తే అందరూ ఇళ్ళకి వెళ్ళిపోతారని చెప్పలేదు.

బాబాయి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

"ఏడుస్తున్నావా నాన్నా?"

"కిటికీ చట్రం వంకరగా ఉంది, చూస్తున్నా" అన్నాడు ఆయన.

మర్నాడు షోరూంలో ఒక పెద్దమనిషి, "ఈ టైలు తడిస్తే జారుతుందా?" అని అడిగాడు. బాబాయి చాలాసేపు ఆ టైలు వంకే చూసి, "చెప్పేస్తే ఇళ్ళకి వెళ్ళిపోతారని ఊరుకుందండీ" అన్నాడు. పెద్దమనిషి ఇంకో షాపుకి వెళ్ళిపోయాడు.

అసలు చిక్కు కట్టు విప్పే రోజు వచ్చింది. ఎముక అతికిపోయిందని డాక్టరు సంతోషంగా చెబితే బాబాయి మొహం వాడిపోయింది.

"పూర్తిగా అతికిందంటారా? ఇంకో రెండు వారాలుంచితే మరింత గట్టిపడుతుందేమో."

"గట్టిగానే ఉందండీ."

"మాకేం తొందర లేదు డాక్టరుగారూ."

"నాకుంది!" అని మంచం మీంచి కూతురు అరిచింది.

కట్టు విప్పారు. పిల్ల కాలేజీకి, తన స్నేహితుల దగ్గరికి ఎగురుకుంటూ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు, "నీ ఫోన్లో పెట్టిచ్చాను, నువ్వే చూసుకో నాన్నా" అంది. చూశాడు. చప్పగా ఉంది. నలుగురు నవ్వుకుంటుంటే పక్కన కుర్చీ ఖాళీగా ఉండడం ఆయనకి మింగుడు పడలేదు. ఎవరికైనా చెప్పుకుందామని ఫోన్లో పేర్లన్నీ పైనుంచి కిందికి వెతికాడు. మేస్త్రీలు, లారీవాళ్ళు, గ్యాసు బండవాడు, ఇల్లు జారిపోతున్న బావమరిది. వాళ్ళలో ఒక్కరికైనా ఫోను చేసి, "రబ్బరు జేబులోనే ఉందిట" అని చెప్పే వీల్లేదు. అప్పుడు తెలిసింది ఆయనకి, తనకెవరూ లేరని.

మర్నాడు మధ్యాహ్నం బేరాల్లేని వేళ, డబ్బు కౌంటరులో కూర్చునే ఆవిడకి చెప్పాడు. షాపులో అందరూ కౌంటరక్క అనే ఆవిడ ఎవరితోనూ "చిల్లర లేదు" అన్న మాటకు మించి మాట్లాడేది కాదు. ఆవిడ అంతా విని, "తర్వాత?" అంది.

"తర్వాతేం లేదమ్మాయ్. టీ తాగారు."

"అంతేనా?"

"అంతే."

ఆవిడ తల విదిలించుకుని పనిలో పడింది. సాయంత్రం తాళాలు వేస్తూ వేస్తూ ఆగి, "ఆ పిల్ల ఇప్పటికైనా వాళ్ళకి నిజం చెప్పిందా బాబాయ్? నాకు మధ్యాహ్నంనుంచీ పని మీద మనసు లేదు" అంది.

అలా మొదలైంది. ఆ షోరూంలో కొనేవాళ్ళకి చూపించడానికి కట్టిన బాత్రూంలు మూడున్నాయి. మూడు వైపులా గోడలు, ముందు వైపు ఖాళీ. మూడోదాని టైల్సు రంగుని కంపెనీవాళ్ళు చాక్లెట్ అన్నారు. చూసినవాళ్ళంతా బురద అన్నారు. ఎవరూ అటు వెళ్ళరు కాబట్టి మధ్యాహ్నాలు ఇద్దరూ అక్కడ చేరారు. బాబాయి తొట్టి అంచు మీద, కౌంటరక్క ఎదురుగా స్టూలు మీద. ఫోను సబ్బు పెట్టె పెట్టే గూట్లో. మాటలు చెప్పడానికి కూతురు లేదు కాబట్టి, కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుని నలుగురు పిల్లల మాటలూ బాబాయే చెప్పేవాడు. పాతికేళ్ళు టైల్సు సందుల్లో నింపే గ్రౌటు గురించి మాట్లాడిన గొంతు అది. "అయ్యయ్యో, నా రబ్బరేదర్రా?" అని ఆయన గంభీరంగా అంటుంటే బాత్రూం గోడలు ఆ మాటని రెండింతలు చేసి పంపేవి.

ఆ కేక విని వ్యాను డ్రైవరు పరిగెత్తుకొచ్చాడు. అతని గొంతు మూలంగా అందరూ అతన్ని హారన్ అనేవారు. ఏ రబ్బరు పోయిందో తెలుసుకుందామని వచ్చినవాడు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుండిపోయాడు.

ఇంకో వారానికి ఎదురు కుళాయిల షాపులో గుమాస్తా, అందరూ కుళాయిలాయన అనే ఆయన వచ్చాడు. ఆయనకీ బాబాయికీ చాలాకాలంగా ఎడమొహం పెడమొహం. ఎప్పుడో ఆయన షాపులో వరసగా పెట్టిన వాష్ బేసిన్ల మీద బాబాయి మట్టం పెట్టి, అందరి ముందూ అన్నీ వాలుగా ఉన్నాయని చాటాడు. అప్పట్నుంచి రోడ్డు మీద ఎదురుపడితే ఇద్దరూ ఆకాశం చూసేవారు. ఆ రోజు ఆయన మూడో నంబరు బాత్రూంలో కుళాయి తలకిందులుగా బిగించారని గొడవ పెట్టుకోవడానికే వచ్చాడు. ఫోన్లో నిద్రమొహం పిల్ల కప్పులో తల పెట్టి నిద్రపోతోంది. ఆయన కాసేపు నిలబడి చూశాడు. కమోడు మూత వేసి, దాని మీద కూర్చుని, "అచ్చం నేనే" అన్నాడు.

బాబాయి ఆకాశం వంక చూడబోయాడు కానీ అక్కడ సీలింగే ఉంది. "మొదట్నుంచీ పెట్టమంటారా?" అన్నాడు.

"అచ్చం నేనే" అన్న ఆ మాటే తర్వాత గొడవ తెచ్చింది. కుళాయిలాయన తనెవరో తేల్చుకున్నాక మిగిలినవాళ్ళూ తేల్చుకోవాలి కదా. బాబాయి స్కేలు పిల్ల. ఇందులో ఎవరికీ అనుమానం లేదు. మిగిలిన రెండు పాత్రల దగ్గర, మీసాలు చెవులదాకా ఉన్న హారన్, "నేను కళ్ళజోడు పిల్లని" అన్నాడు.

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. "నువ్వు అరుపుల పిల్లవి కాకపోతే ఇంకెవరు అరుపుల పిల్ల? నేనా?" అంది కౌంటరక్క.

"మీ అందరికీ నా గొంతే తెలుసు. లోపల నేనెంత మెత్తగా ఉంటానో ఎవరికైనా తెలుసా?" అన్నాడు హారన్. ఆ మాటకి అద్దం వణికింది. లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. రోడ్డు మీద హారను కూడా కొట్టకుండా వ్యాను నడిపాడు.

బాబాయి జీవితంలో అలిగినవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఒకళ్ళ అలక తీర్చడానికి వెళ్ళడం అదే మొదటిసారి. గోడౌనుకి వెళ్ళి, వ్యానెక్కి, డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నాడు.

"కళ్ళజోడు పిల్లవి నువ్వేలే."

"ఊరికే అనకండి బాబాయ్."

"ఊరికే కాదురా. మొన్న సింకు పగిలిందని ఆ ఇంటాయన తిట్టినంతసేపూ తలొంచుకుని నిలబడ్డావు. పగలగొట్టింది వాళ్ళబ్బాయే అని నీకు తెలుసు. చెప్పావా?"

"పిల్లాడికి దెబ్బలు పడతాయి కదండీ."

"మరి? అరుపుల పిల్లయితే చెప్పేసి ఉండును."

హారన్ స్టీరింగు మీద తల పెట్టి బావురుమన్నాడు. గోడౌను మీది పావురాలన్నీ లేచిపోయాయి. అరుపుల పిల్లగా ఉండడానికి కౌంటరక్క ఒప్పుకుంది. ఒప్పుకుని, ఒకసారి అరిచి చూసింది. హాయిగా ఉందనేసింది.

ఇంతలో ఇంటి దగ్గర ఇంకో రగడ. మధ్యాహ్నం ఆగిన పని ముగించుకొచ్చేసరికి రోజూ ఆలస్యం అవుతోంది, ఎందుకని భార్య నిలదీస్తే, ఉన్నమాట చెప్పడం అలవాటైన బాబాయి, "బాత్రూంలో ఉన్నాను" అన్నాడు.

"రోజూనా? రెండేసి గంటలా?"

"ఒక్కోరోజు లేవబుద్ధి కాదు."

భార్య గుండెలు బాదుకుని ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. కట్టు విప్పిన డాక్టరే. "ఎంతమంది ఉంటారు లోపల?" అన్న ప్రశ్న దాకా సంభాషణ ఎలా వెళ్ళిందో డాక్టరుకే తెలియదు. నలుగురని తెలిశాక ఆయన మందులేమీ రాయలేదు.

సీరియల్ అయిపోయింది. పత్రిక రాలేదు, వార్త దొరకలేదు, ఎవరూ ఎక్కడికీ పోలేదు. చివరి భాగంలో నలుగురూ కిటికీ తీశారు, అంతే. బాత్రూంలో నలుగురూ నల్లబడ్డ ఫోను వంక చూస్తూ ఉండిపోయారు.

"ఇక రేపట్నుంచి ఏం చూస్తాం?" అన్నాడు కుళాయిలాయన.

కౌంటరక్క స్టూలు తీసి గోడ పక్కకి జరిపేసింది. మర్నాడు మాత్రం ఆ వేళకి నలుగురూ వచ్చారు. సబ్బు గూడు ఖాళీగా ఉంది. గోడ మీద బల్లి ఉంది. అది నిన్నటి బల్లేనా, వేరేదా అన్న మాట వచ్చింది. వేరేదని హారన్, తోక చూడమని కౌంటరక్క. సాయంత్రమైపోయింది. సినిమాల్లో ఎవడైనా కత్తి తీస్తే ఎవణ్ణో పొడుస్తాడని ఒళ్ళు బిగబట్టుకుని కూర్చోవాలి, ఆ సీరియల్లో కప్పు తీసిన మనిషి టీ తాగుతాడు, గుండె మీద చెయ్యేసుకుని కూర్చోవచ్చు అని బాబాయికి అనిపించింది. సీరియల్ చూసేటప్పుడు అనిపించినదే ఇక్కడ ఊరికే కూర్చున్నప్పుడూ అనిపించడం ఆయనకి వింతగా తోచింది.

ఆ బల్లి వాదన జరుగుతుండగానే ఇల్లు కట్టుకుంటున్న ఒక జంట అటు వచ్చింది. టైల్సు చూడ్డం మాని ఈ నలుగుర్నీ చూస్తూ నిలబడిపోయారు. "చూడండి, ఆ బాత్రూంలో ఎంత సంతోషంగా ఉన్నారో. మనకి అదే కావాలి" అంది ఆవిడ. ఏళ్ళ తరబడి కదలని బురద రంగు టైల్సు ఆ రోజు కదిలాయి. మర్నాడు ఇంకెవరో వచ్చారు. ఆ తర్వాత ఫలానా షాపు బాత్రూంలో స్నేహితులుంటారట అని వినొచ్చినవాళ్ళు.

షాపు చిన్న ఓనరు చేతికొచ్చి కొద్దికాలమే అయింది. తండ్రి మనుషుల మొహాలు చూసి వ్యాపారం చేస్తే ఇతను కంప్యూటర్లో గీతలు చూసి చేసేవాడు. బురద రంగు గీత ఒక్కసారిగా పైకి లేవడం చూసి కారణం వెతుక్కుంటూ మూడో నంబరు బాత్రూం దగ్గరికొచ్చాడు. చూశాడు. మర్నాటికల్లా దాని ముందు ఎర్రతాడు కట్టించి, పైన లైట్లు పెట్టించి, బోర్డు వేయించాడు: "ఇక్కడ స్నేహితులు కూర్చుంటారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు. ఆదివారం సెలవు."

అంతే, ఎవరికీ నోట మాట రాలేదు. లైట్ల వేడికి బల్లి కూడా వెళ్ళిపోయింది. తాడు అవతల జనం, ఇవతల నలుగురూ ఫొటో దిగుతున్నవాళ్ళలా.

"బాబాయ్‌గారూ, నిన్న నవ్వు బాగా తగ్గింది" అన్నాడు చిన్న ఓనరు.

"నవ్వొచ్చే మాట ఎవరూ అనలేదు బాబూ."

"అనండి మరి!"

కౌంటరక్క, "చిల్లర లేదు" అంది. అలవాటు మీద వచ్చేసింది పాపం. ఎవరూ నవ్వలేదు.

అవతల కుళాయిల షాపు యజమాని తిరగబడ్డాడు. "మా మనిషి మీ కమోడు మీద కూర్చుంటే మా కుళాయిలెవరమ్ముతారు?" అని తన మనిషిని రానివ్వలేదు. కమోడు ఖాళీ అయింది. అక్కడెవరూ లేరేమని వచ్చినవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. చిన్న ఓనరు ఆలోచించి కాపలావాణ్ణి తెచ్చి కూర్చోబెట్టాడు. అతను యూనిఫారంలో నిటారుగా కూర్చుని, తాడు దగ్గరికి ఎవరొచ్చినా కమోడు మీంచి లేచి సెల్యూట్ కొట్టేవాడు.

మూడో సెల్యూట్ దగ్గర బాబాయి లేచాడు. తాడు దాటాడు. వెనకాలే కౌంటరక్క, హారన్. పట్టపగలు, డ్యూటీ వేళ, రోడ్డు దాటి కుళాయిల షాపులోకి వెళ్ళారు. కుళాయిలాయన నీళ్ళెరగని కుళాయిలని గుడ్డతో తుడుస్తున్నాడు.

"ఏం కావాలి?" అన్నాడు.

"ఏం వద్దు. ఊరికే వచ్చాం" అన్నాడు బాబాయి. పక్కనే వరసగా వాష్ బేసిన్లు. చెయ్యి జేబు దాకా వెళ్ళింది. వెళ్ళి, ఖాళీగా తిరిగొచ్చింది. కుళాయిలాయన అది చూశాడు. ఒక స్టూలు లాగి వేశాడు.

చిన్న ఓనరు రొప్పుతూ వచ్చాడు. "బాత్రూంలో ఉండాల్సినవాళ్ళు ఇక్కడున్నారేంటి? అవతల జనం ఎదురు చూస్తున్నారు!"

ఓనర్లు ఏ పని చెప్పినా "అలాగే బాబూ" అనడమే తప్ప కాదనడం ఎరగని బాబాయి గొంతు సవరించుకున్నాడు. "జనం చూస్తుంటే మాటలు రావడంలేదు బాబూ. సినిమావాళ్ళకైతే రాసిచ్చేవాళ్ళుంటారు. టైల్సు అమ్మమంటే చచ్చేదాకా అమ్ముతాను. స్నేహం డ్యూటీ చెయ్యమంటే మాత్రం నావల్ల కాదు. పొమ్మంటే పోతాను."

"నేనూ!" అన్నాడు హారన్. షాపులో కుళాయిలన్నీ ఒక్కసారి గణగణలాడాయి.

కౌంటరక్క మాటలు పెట్టుకోలేదు. నడుముకున్న తాళాలగుత్తి తీసి వాష్ బేసినులో పడేసింది. ఆ గల్లాపెట్టె ఆవిడ తప్ప ఇంకెవరు తిప్పినా తెరుచుకోదు. తాళాలు బేసిను వాలు వెంట జారి గొట్టం కన్నం దగ్గర ఆగేసరికి చిన్న ఓనరు రంగు మారిపోయింది.

రాజీ కుదిరింది. తాడు, లైట్లు, బోర్డు తీసేశారు. ముందు వైపు పూల కర్టెను కట్టారు. బాత్రూంలో కుళాయి తమ షాపుదే పెట్టాలన్న షరతు మీద ఎదురు యజమాని తన మనిషిని వదిలాడు. కుళాయిలాయన దాన్ని ఎట్టకేలకు తిన్నగా బిగించి, కమోడు మీద కూర్చున్నాడు.

మనుషులు కనిపించకపోయేసరికి బురద రంగు మళ్ళీ బురద రంగే అయింది. కంప్యూటర్లో గీత కింద పడింది. చిన్న ఓనరు దాని గురించి ఎవర్నీ ఏమీ అనలేదు గానీ, రోజూ ఆ వేళకి కర్టెను దగ్గర తచ్చాడేవాడు. ఓ రోజు, "టీ ఏమైనా పంపించనా?" అన్నాడు. ఇంకో రోజు, "లోపల గాలి ఆడుతోందా?" అన్నాడు. మూడో రోజు ఏ వంకా దొరక్క అలాగే నిలబడిపోయాడు. కర్టెను కింద అతని బూట్లు కనిపిస్తూనే ఉన్నాయి.

"రండి బాబూ. చోటు లేదు గానీ, రండి" అన్నాడు బాబాయి.

తొట్టిలోపల తప్ప ఖాళీ లేదు. అతను బూట్లు విప్పి, తొట్టిలో దిగి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. "ఈ నెల అమ్మకాలు..." అని మొదలుపెట్టాడు. నలుగురూ అతని వంకే చూశారు. ఆగిపోయాడు. తొట్టి అంచు గోటితో గీరుతూ, మెల్లగా, "నాకు చిన్నప్పట్నుంచీ కప్పలంటే భయం" అన్నాడు.

"ఎలాంటి కప్పలు?" అని ముందుకి వంగింది కౌంటరక్క.

ఆ మాట నడుస్తుండగా, టైల్సు చూడ్డానికొచ్చిన ఒకాయన కర్టెను పట్టుకుని కొంచెం లాగబోయాడు.

"లోపల మనుషులున్నారండీ!" అని హారన్ కేకేశాడు.

ఆయన ఉలిక్కిపడి, "అయ్యో, చూసుకోలేదు, మెల్లగా కానివ్వండి" అని రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన్ని చూసి ఇంకొకావిడ ఆయన వెనకాల నిలబడింది.